రేవు దీపం పద్యం

అల్జీర్స్, 14 ఏప్రిల్ 1987

వసీలా తల్లీ,

దూజా పెద్దమ్మ దీవెనలు. ఎప్పటిలాగే నేను చెప్తున్నాను, నఫీసా రాస్తోంది. నా కూతురని గొప్ప చెప్పుకోవడం కాదు గానీ దాని అక్షరాలు ముత్యాలే. నోరు మాత్రం ముత్యపుచిప్ప. చూడు, ఈ మాట కూడా తల ఎత్తకుండా రాసేసింది.

కింద కొట్లో టెలిఫోన్ మూగబోయి నెల దాటింది, అందుకే ఉత్తరం. నీ పత్రిక ప్రతి వారం మిద్దె మీద జకియా టీచర్ చదువుతుంది, మేమంతా కూరగాయలు తరుగుతూ వింటాం. నీ 'ప్రేమ విశేషాలు' అరపేజీ కోసం అందరూ చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. కానీ తల్లీ, నిజంగా ప్రేమ ఉన్న జంటలో ఒకరు ఆవలిస్తే రెండోవాళ్ళకీ ఆవలింత వస్తుందని రాశావు చూడు, అది మా కొంప ముంచింది. ఆ రాత్రి భోజనాలయ్యాక మీ పెద్దనాన్న నోరారా ఆవలించారు. నాకు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. "మన కాపురం సంగతి తేలిపోయిందే" అని ఆయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తున్నారు. నీకు ఎవరు చెప్తారమ్మా ఇలాంటివి?

అసలు సంగతికి వస్తాను. నఫీసాకి సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు నదీర్, మీ ఒరాన్‌లోనే రేవు ఆఫీసులో పని. వాళ్ళమ్మ ఉండేది మన వీధి వెనకే, తన పుట్టింట్లో. పోయిన నెల తల్లీకొడుకులు వచ్చి చూసి వెళ్ళారు. మనిషి చూడ్డానికి బాగానే ఉన్నాడు, కానీ కాస్త తిక్క ఉందేమో అని నా అనుమానం. వాళ్ళమ్మ "మావాడు రేవులో పెద్ద అధికారి" అని చెప్తుంటే, "కాదమ్మా, గుమాస్తాని, అధికారి వేరే ఉన్నాడు" అన్నాడు అందరిముందూ. ఆవిడ మొహం చూడాలి నువ్వు!

ఇప్పుడు నా బాధ విను. నఫీసాని అడిగితే ఊఁ అనదు, ఊహూఁ అనదు. పిల్ల నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క కదా మనలో, ఇంకా ఎందుకు నానుస్తావు అంటారు మీ పెద్దనాన్న. కానీ ఒప్పుకున్న పిల్ల తల దించుకుంటుంది. ఇది తల ఎత్తి నా కళ్ళలోకి చూస్తుంది. ఆ చూపుకి అర్థం ఏమిటో కన్నతల్లిని, నాకే తెలియడంలేదు. అందుకే వాళ్ళకి ఏ మాటా చెప్పలేదు.

నువ్వు రెండు పనులు చెయ్యి. ఒకటి, అబ్బాయి గురించి అక్కడ నలుగురినీ విచారించు. రెండు, రంజాన్ వస్తోంది, మిద్దె మీద పద్యాలు చదివి జాతకం చూసుకునే బూఖాలా ఆట మొదలవుతుంది. మా పద్యాలన్నీ అరిగిపోయాయి, మొదటి మాట పలకగానే చివరి మాట అందరూ అనేస్తున్నారు. మీ పత్రికలో కొత్తవి వేయించు.

ఒంటరిగా ఉంటున్నావు, వేళకి తిను. నువ్వు చెడగొట్టుకున్న సంబంధం గురించి నేను ఇప్పుడేమీ అనను.

నీ పెద్దమ్మ


ఒరాన్, 21 ఏప్రిల్ 1987

పెద్దమ్మా,

ఇప్పుడేమీ అనను అన్నావు, అనేశావు! నీ చేతికి ముద్దులు. రాసిన చేతికి కూడా.

పెద్దనాన్నకి చెప్పు, ఆవలింత సంగతి పట్టించుకోవద్దని. ఎక్కడో పరదేశపు పత్రికలో రెండు లైన్లు కనిపిస్తే మా ఎడిటర్ బెనావుదా గారు దానికి ఒక ప్రొఫెసర్‌ని తగిలించి వేయించారు. "ఆ ప్రొఫెసర్ పేరేంటండీ?" అని అడిగాను. "పేరు అడిగేవాడు మన పేజీ చదవడు, చదివేవాడు పేరు అడగడు" అన్నారు. మగ పెంగ్విన్ మంచి గులకరాయి ఏరి ఆడదాని ముందు పెడుతుందని రాశానే, అది మాత్రం నిజం. పుస్తకంలో చూసుకునే రాశాను.

నాకు ఈ మధ్య ఇదే ఆలోచన. అబద్ధం అని తెలిసి రాయడం తప్పే. మరి నిజమో కాదో తెలుసుకోకుండా రాయడం? మిద్దె మీద కూర్చుని నలుగురూ నా మాట వింటారని తలుచుకుంటే ఒకప్పుడు గర్వంగా ఉండేది. ఇప్పుడు కొంచెం భయంగా ఉంది. అచ్చులో కనబడిన మాటని మనవాళ్ళు తిరగేసి చూడరు పెద్దమ్మా. సొంత బుర్రకి సెలవిచ్చేస్తారు. నువ్వు ముప్పై ఏళ్ళ కాపురం చేసి, ఆవలింత రాలేదని బెంగ పెట్టుకుంటావా?

సరే, నదీర్ సంగతి. అతని ఇంటి ఓనరమ్మని అడిగాను, బంగారం అంది. వీధి చివర కిరాణావాడు, మసీదు దగ్గర ముసలాయన, ఇద్దరూ అదే మాట. చనిపోయినవాళ్ళ గురించి మాట్లాడినట్టు అందరూ మంచే చెప్తున్నారు. మనలో పెళ్ళి విచారణంటే ఇంతే కదా, చెడగొట్టాడన్న పేరు ఎవడికి కావాలి? నాకు తృప్తిగా లేదు. ఇంకొంచెం చూస్తాను.

బూఖాలా పద్యాలు ఎనిమిది వేయడానికి ఎడిటర్ ఒప్పుకున్నారు. ఇక్కడి ముసలమ్మల దగ్గర సేకరిస్తున్నాను. రంజాన్ మొదటి వారం పత్రికలో చూడండి.

నఫీసా, అమ్మ మాటలన్నీ బుద్ధిగా రాస్తున్నావు గానీ నీ మాట ఒక్కటీ లేదేంటే?

మీ వసీలా


అల్జీర్స్, 4 మే 1987

నా బంగారు వసీలా,

నీ నోట్లో ఖర్జూరం వెయ్య! నీ పత్రిక మా ఇంటికి శుభం తెచ్చింది. ఎలా జరిగిందో మొత్తం చెప్తాను. నఫీసా, నువ్వు ఏదీ కత్తిరించకుండా రాయి.

నిన్న ఉపవాసం విప్పి, షోర్బా తాగి, గిన్నెలు కడిగి అందరం మిద్దె ఎక్కాం. కుంపట్లో సాంబ్రాణి వేశాను. కూజా నిండా నీళ్ళు పోసి మధ్యలో పెట్టాం. ఒక్కొక్కరూ ఉంగరం తీసి అందులో వేశారు. "ముడి వెయ్యండి, మనసులో అనుకోండి" అని నేను అనగానే, పెళ్ళి కావలసిన పిల్లలు, అయిన పిల్లలు, లల్లా మమీయా లాంటి డెబ్బై ఏళ్ళ పిల్లలు, అందరూ మనసులో ఒకరిని తలుచుకుని రుమాలు కొసకి ముడి వేశారు. లల్లా మమీయా ఎవరిని తలుచుకుందో ఆ పైవాడికే తెలియాలి, మొగుడు పోయి పదేళ్ళయింది, సిగ్గుపడుతూ నవ్వుతోంది.

జకియా టీచర్ నీ పేజీ తీసి చదవడం మొదలుపెట్టింది. నాలుగో పద్యం ఇది.

రేవు దగ్గర దీపం పెట్టాను, నూనె నాది, వత్తి నాది
ఎవరి కోసమని గాలి అడిగింది, నోరు విప్పలేదు నేను
ఓడ మీంచి ఒకడు తాడు విసిరాడు, చేయి చాచి పట్టుకున్నాను
ఇక ఏ గాలి వీస్తే ఏముంది, ముడి నా గుప్పిట్లో ఉంది

చదవడం అయ్యాక అక్కడున్న పిల్లల్లో చిన్నది కూజాలో చేయి పెట్టి ఉంగరం తీసింది. ఎవరిది? నఫీసాది! పద్యం ఎవరి ఉంగరానికి వస్తే వాళ్ళ జాతకం అదే కదా. రేవు, ఓడ, తాడు... అందరూ ఒక్కసారిగా "నదీర్! నదీర్!" అని అరిచారు. పక్క మిద్దెవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. నేను దాని మొహం చూశాను. అది తల దించుకుంది వసీలా. ఇన్నాళ్ళకి తల దించుకుంది. చెవులు దానిమ్మ గింజల్లా ఎర్రబడ్డాయి.

ఇంకేం కావాలి నాకు? తెల్లారగానే నదీర్ వాళ్ళమ్మకి కబురు పంపాను. బూఖాలాలో మీవాడి పేరే వచ్చిందని కూడా చెప్పించాను, ఆవిడ సంతోషంతో ఏడ్చేసిందట. రంజాన్ ఇరవై ఏడున ఫాతిహా చదివించి మాట ఖాయం చేసుకుంటున్నాం. బంధువులందరికీ చెప్పేశాను. ఇక విచారణ గిచారణ వద్దు, మానెయ్యి.

ఆ పద్యం ఏ ముసలమ్మ చెప్పిందో గానీ ఆవిడ చేతులు కళ్ళకద్దుకోవాలని ఉంది. ఎవరో రాయి.

సంతోషం పట్టలేకపోతున్న
నీ పెద్దమ్మ


ఒరాన్, 9 మే 1987

పెద్దమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నఫీసా, ఇది చదివి వినిపించేది నువ్వే కదా. కింది మాటలు మెల్లగా, ఒక్క అక్షరం వదలకుండా అమ్మకి చదువు.

ఆ పద్యం ఏ ముసలమ్మా చెప్పలేదు. నేను రాశాను. ఏడు పద్యాలు దొరికాయి, ఇంకొకటి తక్కువైంది, ప్రెస్సువాడు గుమ్మంలో నిలబడి గునుస్తున్నాడు. ఆఫీసు కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. అంతే, రేవు మీద నాలుగు లైన్లు గిలికి ఇచ్చేశాను. మన ఇంట్లో పెళ్ళిమాటలు నడుస్తున్నాయి కాబట్టి నదీర్ కూడా ఎక్కడో మనసులో మెదిలాడేమో. దాని కింద "తాతముత్తాతల నాటి బూఖాలా" అని ఎడిటర్ వేశారు. నేను చూసి ఊరుకున్నాను.

అది శకునం కాదు పెద్దమ్మా. ఖాళీ జాగా నింపడానికి నేను రాసిన రాత. దాన్ని పట్టుకుని ఒక ఆడపిల్ల జీవితం ముడి వేస్తారా?

ఇంకోటి విను. నిన్న నదీర్‌ని కలిశాను. పట్టపగలు, వాళ్ళ ఆఫీసు వరండాలో, పదిమంది మధ్య. నేను ఎవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు. సంతోషంగా ఉన్నాడేమో అనుకున్నాను, కంగారుగా ఉన్నాడు. అతను అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను. "కూజాలో నా పేరు వచ్చిందని అమ్మ ఫోన్ చేసింది. కూజా మాటకి నేను ఎదురు చెప్పలేను కదండీ. కానీ ఆ అమ్మాయికి నేనంటే ఇష్టమా, కూజా అంటే ఇష్టమా? మీకు తెలిస్తే చెప్పండి." నేనేం చెప్పను? నా పద్యమే మిమ్మల్నిద్దర్నీ ఒక తాటికి కట్టిందని చెప్పడానికి నోరు రాలేదు. తల వంచుకుని వచ్చేశాను.

మనిషి మంచివాడే అనిపించాడు. అందుకే ఇంకా భయం. మంచివాణ్ణి కూడా ఇష్టం లేకుండా కట్టుకుంటే నరకమే. నఫీసా మెత్తని పిల్ల, అంతమంది అరుపులకి, ఆ నాలుగు లైన్లకి కరిగిపోయింది. దయచేసి ఫాతిహా ఆపు. కనీసం వెనక్కి జరుపు. ఈ నిజం తెలిశాక కూడా ముందుకు వెళ్తే ఆ పాపం నా ఒక్కదానిదే కాదు, నీది కూడా.

జవాబు వెంటనే రాయి. నిద్ర పట్టడంలేదు.

వసీలా


అల్జీర్స్, 14 మే 1987

వసీలాకి,

దీవెనలు. ఇంట్లో అంతా కులాసా. ఫాతిహాకి పిండివంటలు మొదలుపెట్టాం. బాదం పప్పు ఇక్కడ దొరకడంలేదు, ఒరాన్‌లో దొరికితే ఎవరిచేతనైనా పంపు.

నీ ఉత్తరం నఫీసా చదివి వినిపించింది. నిన్ను ఒకటి అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. ఆ అబ్బాయిని నువ్వు వెళ్ళి ఎందుకు కలిశావు? కిరాణావాణ్ణి అడగమన్నాను గానీ పెళ్ళికొడుకుతో వరండాల్లో ముచ్చట్లు పెట్టమన్నానా? రేవులో పదిమంది చూశారని నువ్వే రాశావు. ఆ పదిమందికీ నోళ్ళు లేవా? వాళ్ళమ్మ చెవిన పడితే ఏమనుకుంటుంది? పెళ్ళికూతురి అక్క, పెళ్ళి కానిది, సంబంధం కాలదన్నుకున్నది, వచ్చి మావాడితో మంతనాలాడింది అనుకోదా?

పైగా ఫాతిహా ఆపమంటావు. ఎందుకు ఆపాలి? నిద్ర పట్టడంలేదట! నాకు పడుతోంది. ఇన్నేళ్ళలో మొదటిసారి హాయిగా పడుతోంది.

నాకు అనుమానం కలుగుతోంది వసీలా. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. మా చెల్లెలు పోయాక నిన్నూ నఫీసానీ ఒకే పక్కమీద పడుకోబెట్టి పెంచాను. ఇద్దరికీ ఒకే గుడ్డ తెచ్చి గౌన్లు కుట్టించాను. ఇప్పుడు దానికి ఒక మంచి జరుగుతుంటే నీకు కడుపుమంటా? లేక ఆ అబ్బాయి మీద నీకే మనసు పుట్టిందా? నఫీసా రాయడం ఆపింది. రాయవే! నా మాటలు నేను చెప్పిన వరసలో రాయి.

సంతోషంగా వస్తే రా. లేకపోతే బాదం పప్పు పంపి ఊరుకో.

పెద్దమ్మ


ఒరాన్, 18 మే 1987

పెద్దమ్మా,

బాదం పప్పు ఈ ఉత్తరంతోనే బస్సు డ్రైవర్ చేతికి ఇస్తున్నాను.

నువ్వు నన్ను అన్న మాటకి నేను జవాబు చెప్పను. అంత మాట నువ్వు నన్ను అంటావని కలలో కూడా అనుకోలేదు. రెండు రోజులు ఆఫీసుకి వెళ్ళలేకపోయాను.

కానీ ఒకటి నాకు అంతుపట్టడంలేదు. పద్యం నాది, నేనే కల్పించాను అని అంత స్పష్టంగా రాస్తే, దాని గురించి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. తిట్టలేదు, నమ్మలేదనీ అనలేదు. విననట్టు నటిస్తున్నావా? బంధువుల ముందు మాట పోతుందని ఒక అబద్ధాన్ని తెలిసి తెలిసి ఇంట్లోకి తెచ్చుకుంటావా? ఇంత మొండి మనిషివని నాకు తెలియదు. నా చిన్నప్పుడు అబద్ధమాడితే నాలుక మీద మిరపకాయ పెడతానని బెదిరించింది నువ్వే.

నువ్వు వినకపోతే మిద్దె మీద అందరూ వింటారు. ఈ బుధవారం పత్రికలో నా పేజీలోనే నిజం వేస్తున్నాను. బెనావుదా గారు మండిపడ్డారు. "పాఠకులు మనల్ని నమ్మడం మానేస్తారు" అన్నారు. "కొన్నాళ్ళు మానేసినా మంచిదేనండీ, తామే ఆలోచించుకుంటారు" అన్నాను. వేస్తే ఉద్యోగం ఉంటుందని మాట ఇవ్వలేను అన్నారు. వేయమన్నాను.

మన ఇంటి పేరు, నఫీసా పేరు ఎక్కడా రాయలేదు. కానీ మీ మిద్దె మీద వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నన్ను ఇక ఆ ఇంటి గడప తొక్కొద్దన్నా నాకు అభ్యంతరం లేదు. నఫీసాని మాత్రం కాపాడుకోవాలి.

వసీలా


అల్జీర్స్, 23 మే 1987

వసీలా అక్కా,

ఈ ఉత్తరం అమ్మ చెప్తే రాస్తున్నది కాదు. నేను రాస్తున్నాను. అలవాటు లేక మొదటి వాక్యానికే మూడు కాగితాలు చింపాను.

ముందు తప్పు ఒప్పుకుంటాను. నువ్వు మెల్లగా, అక్షరం వదలకుండా చదవమన్న చోటు నేను చదవలేదు. పద్యం సంగతి మొత్తం దాటేసి నేరుగా "నిన్న నదీర్‌ని కలిశాను" దగ్గరికి వెళ్ళిపోయాను. కూజా గురించి అతను అన్న మాటలూ మింగేశాను. అమ్మకి మిగిలిందల్లా నువ్వు అతన్ని కలిశావు, పెళ్ళి ఆపమంటున్నావు, నిద్ర పట్టడంలేదు. దాంతో ఆమెకి అలాంటి అనుమానం వచ్చింది. ఆమె నిన్ను అంటుంటే నా చేత్తోనే రాశాను. ఒకచోట చేయి ఆగింది, తిడితే మళ్ళీ కదిలింది. నీ తర్వాతి ఉత్తరంలో కూడా బాదం పప్పు వరకే చదివాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు.

ఎందుకు చేశానంటే, నాకు నదీర్ కావాలి.

వాళ్ళు వచ్చిన రోజు నేను కాఫీ పళ్ళెం పట్టుకెళ్ళాను. ఆసుపత్రి ల్యాబులో పని చేస్తానని అమ్మ చెప్పింది. "మీ పరీక్షల్లో ఎప్పుడైనా తప్పు వస్తుందా?" అని అతను నన్ను అడిగాడు. అమ్మని కాదు, నన్ను. "వస్తుంది, తొందరపడితే వస్తుంది, అప్పుడు మళ్ళీ చేస్తాం" అన్నాను. అతను నవ్వాడు. "మా ఆఫీసులో కూడా వస్తుంది, కానీ మావాళ్ళు మళ్ళీ చెయ్యరు" అన్నాడు. అంతే అక్కా, ఇంకేమీ జరగలేదు. నీ పేజీలో వేసుకోవడానికి కూడా పనికిరాదు. కానీ ఆ రోజు నుంచి నేను ఏ గొట్టం పట్టుకున్నా, ఏ చీటీ రాసినా ఈ సంగతి అతనికి చెప్తే ఏమంటాడో అని ఆలోచిస్తున్నాను.

అమ్మ అడిగినప్పుడు తల దించుకుని ఊరుకుంటే సరిపోయేది. కానీ నా పెళ్ళికి నేను ఒప్పుకుంటున్నానని నోటితో చెప్పాలని ఉండేది. తల ఎత్తేదాన్ని, మాట వచ్చేది కాదు. మన ఇంట్లో ఏ ఆడపిల్లా ఆ మాట అనలేదు కదా, ఎలా అంటారో కూడా నాకు తెలియదు. మిద్దె మీద ముడి వేసినప్పుడు అతన్నే తలుచుకున్నాను. అప్పటికి నీ పద్యం ఇంకా ఎవరూ చదవనే లేదు. ఏ పద్యం వచ్చినా అతనికే అని ముందే అనుకున్నాను. ఒంటెల మీద పద్యం వచ్చినా అతనికే. అందరూ అతని పేరు అరిచేసరికి, అమ్మయ్య, నేను అనక్కర్లేకుండా పోయింది అనిపించింది.

నువ్వేమో నన్ను కాపాడాలని ఉద్యోగం పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డావు. కోపం వచ్చింది నాకు. మెత్తని పిల్ల, కరిగిపోయింది అని రాశావు. అమ్మ అడిగింది, నాన్న అడిగాడు, నువ్వు ఓనరమ్మనీ కిరాణావాణ్ణీ ముసలాయన్నీ చివరికి అతన్నీ అడిగావు. "నఫీసా, నీకు ఇష్టమేనా?" అని నువ్వు నన్ను ఒక్క లైను రాసి అడగలేదు అక్కా. అడిగితే నీకు చెప్పేదాన్ని.

బుధవారం జకియా టీచర్ నీ మాటలు చదివింది. "రేవు దీపం పద్యం పాతది కాదు, ఈ పేజీ రాసే నేనే రాశాను, దాన్ని నమ్మి ఎవరైనా ఏదైనా నిర్ణయించుకుని ఉంటే మళ్ళీ ఆలోచించుకోండి." చదువుతున్నకొద్దీ ఆమె గొంతు తగ్గిపోయింది. అందరూ అమ్మ వైపు తిరిగారు. అమ్మ లేచి కూజాలో నీళ్ళు తూములో పారబోసి, ఉంగరాలు ఎవరివి వాళ్ళకిచ్చి కిందికి దిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే నాన్నని పట్టుకుంది. "దొంగ శకునం మీద పెళ్ళి చెయ్యను. వెళ్ళి వాళ్ళకి చెప్పి రండి, ఫాతిహా లేదు" అంది. "పిల్ల ఏమంటోంది?" అన్నాడు నాన్న. "దానిదేముంది, అది మాట్లాడదుగా" అంది అమ్మ. నేను వంటింట్లో బూరెక్ పిండిరేకులు చుడుతున్నాను. నాన్న గొడుగు తీసుకున్నాడు. ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే ఈసారి నా మౌనం వద్దనడం అవుతుంది. వెళ్ళి గుమ్మంలో నిలబడి, పిండి చేతులతో, "నాకు నదీర్ కావాలి నాన్నా" అన్నాను.

"ఏమన్నావ్?" అంది అమ్మ.

మళ్ళీ అన్నాను. రెండోసారి తేలిగ్గా వచ్చింది. "పద్యం అక్కదే కావచ్చు, ముడి నాది" అన్నాను.

నాన్న మా ఇద్దర్నీ చూసి, కాళ్ళకున్న చెప్పుల కోసమే ఇల్లంతా వెతికి, గొడుగు అక్కడే పడేసి బయటికి వెళ్ళిపోయాడు. వాళ్ళింటికి మాత్రం వెళ్ళలేదు. ఎక్కడికి వెళ్ళాడో ఇప్పటికీ చెప్పలేదు.

పొద్దుగూకి ఉపవాసం విప్పాక అమ్మ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. "వసీలా ఉత్తరాలు తే. ఈసారి మొత్తం చదువు" అంది. కొన్ని చోట్లు దాటేశానని ఆమెకి ఎప్పుడు తెలిసిందో నేను అడగలేదు. మొత్తం చదివాను. మొండి మనిషివని నువ్వు రాసిన చోటు కూడా. మిరపకాయ దగ్గర కొంచెం నవ్వింది, తర్వాత రుమాలు కొసతో కళ్ళు తుడుచుకుంది. "దాన్ని ఎంత మాట అన్నానే" అంది. నీకు ఎలా రాయాలో తెలియడంలేదంది. అనుకున్నట్టే రంజాన్ ఇరవై ఏడున ఫాతిహా జరుగుతుంది, నువ్వు రాకపోతే తానే బస్సెక్కి ఒరాన్ వస్తానంది. అలా అందని నేను చెప్తున్నాను, ఆమె రాయమనలేదు.

నదీర్ అడిగిన దానికి నువ్వు జవాబు చెప్పకు. నేను చెప్పుకుంటాను.

ఇంకో మాట. ఇది అమ్మ అడిగి రాయించుకుంటోంది, ఇప్పుడే వచ్చి పక్కన కూర్చుంది.

"నన్నూ అడిగారు వసీలా. నాకు పదిహేడేళ్ళు. మా నాన్న తలుపు దగ్గర నిలబడి, ఫలానావాడికి ఇస్తున్నాం, నీకు సమ్మతమేనా అన్నాడు. నేను మాట్లాడలేదు. తల దించుకున్నాను. లోపల ఆడవాళ్ళు సంతోషంతో కేకలు వేశారు. అది సమ్మతం కాదమ్మా. అంతమందిని చూసి నోరు పెగల్లేదు, అంతే. తర్వాత మీ పెద్దనాన్న మంచివాడని తేలింది. తేలకపోయినా నేను చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదు."

అమ్మ అక్కడ ఆగింది. పక్కగదిలో నాన్న దగ్గు వినిపిస్తోంది. ఇది నిజంగా రాయమంటావా అని అడిగాను. నా చేతిలో కలం వైపు చూసింది.

"రాయి" అంది.

నఫీసా